సంచులు వంద, మూలం ఒక్కటే: పొద్దుతిరుగుడు నేర్పుతున్న పాఠం

(రైతు శిక్షణ తరగతిలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా ధర గురించి మాట్లాడుకుంటాం. అప్పుల గురించి, కౌలు గురించి, నకిలీ విత్తనాల గురించి, సాగర్ కుడి కాలువ నీళ్ల గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ వీటన్నిటికీ అడుగున ఉన్న ఒక సంగతి మాట్లాడుకుందాం. అది విత్తనం లోపల ఉండే వైవిధ్యం. శాస్త్రవేత్తలు దాన్ని జన్యు వైవిధ్యం అంటారు. మన మాటల్లో చెప్పుకుంటే, ఒకే పంటలో రకరకాల వంశాలు ఉండటం. ఒక వంశం ఎండకు ఆగుతుంది. ఇంకోటి తెగులుకు ఆగుతుంది. ఇంకోటి దిగుబడి ఎక్కువిస్తుంది గానీ పురుగుకు లొంగిపోతుంది. ఏ ఏడు ఏ గుణం అక్కరకొస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే అన్ని వంశాలూ బతికి ఉండాలి.

దీనికి ఉదాహరణగా పొద్దుతిరుగుడును తీసుకుంటున్నాం. పత్తి, మిర్చి పండించే మనకు పొద్దుతిరుగుడు కథ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, ఒకే మూలం మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ పంట చాలా తేటగా చూపిస్తుంది. రెండు, కర్నూలు, అనంతపురంతో పాటు మన ప్రకాశం మెట్టల్లోనూ పండిన పంట అది. మిర్చి, పత్తి చేతులు కాల్చిన ఏడు మూడు నెలల్లో చేతికొచ్చే ఇంకో పంట రైతుకు ఉండాలి. ఆ దారి మూసుకుపోతే నష్టపోయేది మనమే.

మన పొలాల్లోకి ఎలా వచ్చింది

పొద్దుతిరుగుడు మన దేశపు పంట కాదు. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి మూలవాసులు వేల ఏళ్ల కిందటే దాన్ని మచ్చిక చేసి పంటగా మార్చారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు యూరప్‌కు తెచ్చారు. అక్కడ చాలాకాలం పెరటి పువ్వుగానే ఉంది. దాన్ని నూనె పంటగా నిలబెట్టింది రష్యా రైతులు, శాస్త్రవేత్తలు. క్రాస్నోదార్ పరిశోధనా కేంద్రంలో పుస్తోవోయిత్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఎంపిక చేసుకుంటూ పోయి, గింజలో 30 శాతం దరిదాపుల్లో ఉన్న నూనెను 50 శాతం దాకా తీసుకెళ్లాడు.

ఆయన పద్ధతి మనం కూడా గుర్తుపెట్టుకోదగింది. మంచి పువ్వుల్ని ఏరి, ఒక్కో పువ్వు గింజల్ని రెండు వాటాలు చేసేవాడు. ఒక వాటా పొలంలో వేసి దాని గుణం చూసేవాడు. రెండో వాటా దాచిపెట్టేవాడు. పొలంలో ఏ పువ్వు సంతానం బాగుందని తేలిందో, దాచిన వాటాల్లోంచి వాటినే తీసి పక్కపక్కన విత్తి, వాటి మధ్యే పుప్పొడి మారేలా చూసేవాడు. దాచిన సగం లేకపోతే ఆ పని జరిగేది కాదు. విత్తనాన్ని దాచడం, వాడటం ఒకే పనిలోని రెండు సగాలని ఈ పద్ధతి చెబుతుంది.

ఆ రష్యా రకాలే 1969లో మన దేశానికి వచ్చాయి. 1972 నుంచి రైతుల పొలాల్లో సాగు మొదలైంది. తర్వాత పొట్టిగా పెరిగి త్వరగా కోతకొచ్చే మోర్డెన్ రకం బాగా వ్యాపించింది. ఇవన్నీ సూటి రకాలు. 1980లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి బీఎస్‌హెచ్-1 అనే తొలి హైబ్రిడ్ విడుదలైంది. అక్కడి నుంచి సాగు పరుగులు తీసింది. 1993-94 నాటికి దేశంలో దాదాపు 27 లక్షల హెక్టార్లకు చేరింది. ఇప్పుడు అందులో పదో వంతు అటూఇటుగా మిగిలింది. ఎందుకు పడిపోయిందనే సంగతికి తర్వాత వస్తాం. ముందు విత్తనం సంగతి చూద్దాం.

ప్రపంచమంతటికీ ఒకే తల్లి

పత్తి హైబ్రిడ్ విత్తనం ఎలా తయారవుతుందో మీలో చాలామందికి తెలుసు. కర్నూలు, గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో కూలీలు ఒక్కో మొగ్గ నుంచి మగ భాగాన్ని చేత్తో తీసేసి, మర్నాడు వేరే రకం పుప్పొడి అద్దుతారు. పొద్దుతిరుగుడులో ఆ పని ఆ స్థాయిలో జరగదు. ఒక్కో పువ్వులో వందల చిన్న పూలుంటాయి. అన్నిట్లోనూ ఆడ, మగ భాగాలు కలిసే ఉంటాయి. కనుక పుప్పొడి పుట్టని ఆడ మొక్క కావాలి. దాన్నే మగ వంధ్యత్వం ఉన్న మొక్క అంటారు.

అలాంటి మొక్కను 1969లో ఫ్రాన్స్‌లో లెక్లెర్క్ అనే శాస్త్రవేత్త సాధించాడు. హీలియాంథస్ పెటియోలారిస్ అనే అడవి జాతిని సాగు పొద్దుతిరుగుడుతో కలిపితే ఈ గుణం వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో కిన్‌మాన్, హైబ్రిడ్ మొక్కలో మళ్లీ పుప్పొడి పుట్టించే జన్యువును కనిపెట్టాడు. ఈ రెండూ దొరికాక ప్రపంచమంతటా హైబ్రిడ్లు వచ్చాయి. దిగుబడి పెరిగింది, పంట ఒకేసారి కోతకు రావడం మొదలైంది. ఇది అడవి మొక్క మనకిచ్చిన వరం. ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే తర్వాత జరిగింది చూడండి. ఇలాంటి వంధ్య మూలాలు 70కి పైగా ఉన్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. కానీ యాభై ఏళ్లు దాటినా మార్కెట్లోకి వచ్చే హైబ్రిడ్లలో దాదాపు అన్నీ ఆ మొదటి ఒక్క మూలం మీదే నడుస్తున్నాయి. సంచి మీద కంపెనీ పేరు మారుతుంది, బొమ్మ మారుతుంది, ధర మారుతుంది. తల్లి వైపు వంశం మాత్రం ఒక్కటే. దుకాణంలో వంద సంచులు చూసి వంద రకాలున్నాయని మనం అనుకుంటున్నాం.

తల్లి వైపు వంశం ఒక్కటైతే ఏమవుతుంది? అమెరికా మొక్కజొన్న రైతులు 1970లో ఆ దెబ్బ తిన్నారు. అక్కడా హైబ్రిడ్ తయారీ సులువు చేసుకోవడానికి టెక్సస్ రకం వంధ్య మూలాన్ని వాడారు. ఆ ఏడాది దేశంలో వేసిన మొక్కజొన్నలో అధిక భాగానికి అదే తల్లి. ఆకు ఎండు తెగులు శిలీంద్రంలో ఒక కొత్త తెగ పుట్టి, సరిగ్గా ఆ మూలం ఉన్న మొక్కల్నే పట్టింది. దేశం మొత్తం పంటలో సుమారు 15 శాతం ఒక్క సీజన్లో పోయింది. ఒక్క రైతు కూడా తప్పు చేయలేదు. అంతా మంచి విత్తనమే కొన్నారు. అందరూ ఒకే విత్తనం కొనడమే ముప్పుగా మారింది.

పొద్దుతిరుగుడుకు ఇంకా అలాంటి దెబ్బ తగల్లేదు. తగిలేదాకా ఆగాలా అన్నదే మన ప్రశ్న.

నెక్రోసిస్ ఇచ్చిన హెచ్చరిక

వేరే రూపంలో మాత్రం దెబ్బ తగిలింది. 1997లో అనంతపురం సరిహద్దుకు ఆనుకుని ఉన్న కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడులో కొత్త తెగులు కనిపించింది. ఆకులు ఒక పక్క మాడతాయి, కాడ మీద నల్ల చారలు పడతాయి, పువ్వు మెలితిరిగి గింజ పట్టదు. అదే నెక్రోసిస్ తెగులు. కొద్ది సీజన్లలోనే అది దక్షిణాది రాష్ట్రాలకు పాకింది. పొగాకు స్ట్రీక్ వైరస్ దీనికి కారణమని తేల్చారు. 2000 ఖరీఫ్‌లో ఇదే వైరస్ అనంతపురం వేరుశనగను పట్టి రెండు లక్షల హెక్టార్లకు పైగా పంటను దెబ్బతీసింది.

ఇది ఎలా పాకుతుందో మన రైతులంతా తెలుసుకోవాలి. గట్ల మీద, బీళ్లలో పెరిగే వయ్యారిభామ ఈ వైరస్‌ను పైకి లక్షణాలేమీ కనిపించకుండా మోస్తుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి ఎగిరి పంట మీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ మొక్కలోకి దిగుతుంది. వయ్యారిభామ పూత దశకు రాకముందే పీకేయడం, చేను చుట్టూ నాలుగు వరుసల జొన్న వేయడం అందుకే చెబుతున్నాం. ఇవి నష్టాన్ని తగ్గిస్తాయి.

అసలు పరిష్కారం తట్టుకునే విత్తనం. శాస్త్రవేత్తలు సాగు రకాల్లో దాని కోసం వెతికితే గట్టిగా నిలబడే మూలం చేతికి చిక్కలేదు. అందుకే అడవి జాతుల వైపు తిరిగారు. హీలియాంథస్ కుటుంబంలో సుమారు 50 జాతులున్నాయి. తుప్పు తెగులు, బూజు తెగులు తట్టుకునే గుణాలు లోగడ ప్రపంచానికి దొరికింది వాటిలోనే. 1996లో అమెరికాలోని కాన్సాస్‌లో ఒక సోయా చేలో కలుపుగా మొలిచిన అడవి పొద్దుతిరుగుడు, కలుపు మందు కొట్టినా చావలేదు. ఆ గుణాన్నే పంటలోకి తెచ్చి కొత్త హైబ్రిడ్లు చేశారు. చేలో కలుపని పీకేసే మొక్కలో కోట్ల విలువ చేసే గుణం ఉండొచ్చు. కానీ అడవి జాతి గుణాన్ని పంటలోకి తేవడం ఒకటి రెండేళ్ల పని కాదు. కలపాలి, మళ్లీ మళ్లీ వెనక్కి కలపాలి, చెడు గుణాలు వదిలించాలి. పదేళ్లు పట్టవచ్చు. తెగులు వచ్చాక మొదలుపెడితే పదేళ్ల పంట పోతుంది.

మన పత్తి, మన మిర్చి

ఇప్పుడు మన చేలకు వద్దాం. ఇదే కథ మనం రెండుసార్లు అనుభవించాం.

1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం పత్తిని తెల్లదోమ ఎలా ఊడ్చేసిందో పెద్దవాళ్లకు గుర్తుంది. మందు మీద మందు కొట్టాం, దోమ పెరిగింది. అప్పులు పెరిగాయి. 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. ఆ సంక్షోభంలో లాం ఫారం శాస్త్రవేత్తలు తెల్లదోమను తట్టుకునే కాంచన రకాన్ని ఇచ్చారు. లాంలో రకరకాల పత్తి వంశాలు భద్రంగా ఉన్నాయి కాబట్టి ఇవ్వగలిగారు. 1922లో మొదలైన పరిశోధనా కేంద్రం అది. ఇక్కడ ఇంకో సంగతి చూడాలి. ఆకు మీద నూగు ఎక్కువుంటే పచ్చదోమ తగ్గుతుంది, తెల్లదోమ పెరుగుతుంది. ఆకు నున్నగా ఉంటే తెల్లదోమ తగ్గుతుంది, పచ్చదోమ పెరుగుతుంది. అన్ని బాధలూ తీర్చే రకం ఒక్కటీ ఉండదు. అందుకే పలు రకాలు కావాలి.

2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. 2006లో రెండు జన్యువుల బీజీ-2 వచ్చింది. పదేళ్లు గడిచేసరికి అనుమతి పొందిన బీటీ హైబ్రిడ్లు వెయ్యి దాటాయి. మళ్లీ అదే లెక్క. వెయ్యి సంచులు, లోపల అవే ఒకటి రెండు బీటీ జన్యువులు. దేశంలో 90 శాతానికి పైగా పత్తి చేలు వాటితోనే నిండాయి. శనగపచ్చ పురుగు తగ్గిన మాట నిజం. కానీ గులాబీ రంగు పురుగు ఆ ఒక్క తాళాన్ని తీయడం నేర్చుకుంది. 2010 నాటికి గుజరాత్‌లో మొదటి జన్యువుకు, 2015 నాటికి బీజీ-2కు కూడా అలవాటు పడినట్టు తేలింది. ఇప్పుడు సంచికి సంచి ధరా పెడుతున్నాం, పురుగుకు మందూ కొడుతున్నాం. ఈ నేలలోనే పుట్టి పెరిగిన దేశవాళీ పత్తి వంశాలు మాత్రం మన చేలల్లోంచి దాదాపు మాయమయ్యాయి. ఆకుముడత వైరస్ సోకని గుణం ఆ దేశవాళీ జాతిలోనే ఉంది.

మిర్చి సంగతి ఇంకా పచ్చిగా ఉంది. 2021 చివర్లో నల్ల తామర పురుగు మన తోటల మీద పడింది. మామూలు తామర పురుగు ఆకుల్ని పై ముడత చేస్తుంది. ఇది పువ్వులోకే దూరింది, పూత రాలింది, కాయ నిలవలేదు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు ఇది. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మొదట కనిపించింది. ఆరేళ్ల వ్యవధి ఉన్నా దాన్ని తట్టుకునే మిర్చి రకం ఒక్కటీ మన చేతికి రాలేదు. ఎకరాలకు ఎకరాలు తోటలు పీకేశారు. కౌలు ముందే చెల్లించిన కౌలు రైతు నిలువునా మునిగాడు. ఇవాళ బొబ్బర తెగులు విషయంలో కూడా మన పరిస్థితి అంతే. తెగులును తట్టుకుంటుందని సంచి మీద రాసిన విత్తనాన్ని వేల రూపాయలు పోసి కొనడం, ఆ మాట నిజమవుతుందో లేదో చేలో చూసుకోవడం.

మిర్చికి మన నేలలో నాలుగైదు వందల ఏళ్ల చరిత్ర ఉంది. గుంటూరు సన్నానికి భౌగోళిక గుర్తింపు ఉంది. లాం నుంచి జీ-4, ఎల్‌సీఏ-334 లాంటి సూటి రకాలు వచ్చి దేశమంతా పేరు తెచ్చుకున్నాయి. ఆ విత్తనాన్ని రైతు తన తోటలోంచే తీసుకునేవాడు. మన పేరున్న పంటలో మన విత్తనం తగ్గిపోతూ ఉంటే, యార్డులో ధర గురించి ఎంత గట్టిగా మాట్లాడినా పెట్టుబడి దగ్గరే ఓడిపోతాం.

జన్యు బ్యాంకు చాలదా?

కొందరు అడుగుతారు, ప్రభుత్వం జన్యు బ్యాంకులు పెట్టింది కదా, ఇక బెంగ ఎందుకని. నిజమే, ఢిల్లీలోని జాతీయ జన్యు బ్యాంకులో నాలుగున్నర లక్షలకు పైగా విత్తన నమూనాలున్నాయి. సున్నాకు 18 డిగ్రీల కింద చల్లదనంలో వాటిని దాచారు. రాజేంద్రనగర్‌లోని భారత నూనెగింజల పరిశోధనా సంస్థ దగ్గర పొద్దుతిరుగుడు సాగు వంశాలు, అడవి జాతులు ఉన్నాయి. వాటిని కాపాడుతున్న వాళ్ల శ్రమను మనం గౌరవించాలి. 1941 నుంచి 1944 దాకా హిట్లర్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు, వావిలోవ్ స్థాపించిన విత్తన భాండాగారంలో పనిచేసే శాస్త్రవేత్తలు చుట్టూ బస్తాల కొద్దీ వడ్లు, గోధుమలు, వేరుశనగలు ఉన్నా తినకుండా ఆకలితో చనిపోయారు. రేపటి రైతుకు విత్తనం ఉండాలని.

అయినా బ్యాంకు ఒక్కటే చాలదు. డబ్బాలో ఉన్న విత్తనం నిద్రపోతూ ఉంటుంది. బయట ఎండ మారుతోంది, వానలు మారుతున్నాయి, పురుగు మారుతోంది. ఏటా చేలో పడి మొలిచే విత్తనమే ఆ మార్పులకు అలవాటు పడుతుంది. పైగా డబ్బాలో ఉన్నదాన్ని తీసి, పరీక్షించి, కలిపి, రకంగా మార్చే మనుషులు లేకపోతే అది వాడని బావి లాంటిది. పరిశోధనా కేంద్రాల్లో ఖాళీలు నింపకుండా, నిధులు ఇవ్వకుండా జన్యు సంపద గురించి ఉపన్యాసాలు ఇచ్చి లాభం లేదు.

మరో ప్రశ్న కూడా న్యాయమైనదే. పాత రకాలు వేస్తే దిగుబడి తగ్గదా? తగ్గవచ్చు. మేము ఎవరినీ ఉన్న చేనంతా పాత విత్తనంతో నింపమని అడగడం లేదు. ఎకరాకు లక్షలు పెట్టుబడి పెట్టే మిర్చి రైతుతో అలా చెప్పడం అన్యాయం. మేము అడిగేది మూడు సంగతులు. ఊరికి ఒకటి రెండు చేలల్లో రెండు మూడు సెంట్లలో పాత వంశాలు బతికి ఉండాలి. హైబ్రిడ్‌తో పాటు మంచి సూటి రకాలు కూడా మార్కెట్లో దొరకాలి. డీఆర్‌ఎస్‌ఎఫ్-108, డీఆర్‌ఎస్‌ఎఫ్-113 లాంటి పొద్దుతిరుగుడు సూటి రకాలు ప్రభుత్వ సంస్థ ఇచ్చినవే, కానీ దుకాణంలో అడిగితే ఎంతమందికి దొరుకుతున్నాయి? ఇక మూడోది, హైబ్రిడ్లు కూడా రకరకాల తల్లుల నుంచి రావాలి.

చేసి చూపించినవాళ్లు మన తెలుగు నేలలోనే ఉన్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు, ఊరూరా విత్తన బ్యాంకులు పెట్టుకుని చిరుధాన్యాలు, పప్పుల విత్తనాలు నిలబెట్టారు. ఎడ్లబండ్ల మీద పాత పంటల జాతర చేసి ఊరూరా తిప్పారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఒకటి రెండు ఎకరాల మెట్ట ఉన్న ఆడవాళ్లు చేయగలిగిన పని మనం చేయలేమా?

చట్టం ఏమంటోంది

విత్తనం దాచుకుంటే కేసు పెడతారేమోనని భయపడేవాళ్లున్నారు. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. దాని 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం తీసి దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, తోటి రైతుతో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకమైనా సరే. ఒక్క షరతు, ఆ రకానికి పేరుపెట్టి ముద్ర వేసిన సంచిలో అమ్మకూడదు. అదే సెక్షన్ కింద, రిజిస్టరైన రకం కంపెనీ చెప్పిన పనితీరు చూపకపోతే రైతు పరిహారం కోరవచ్చు. రైతులు తరతరాలుగా కాపాడిన రకాన్ని రైతు రకంగా నమోదు చేయించుకోవచ్చు. ఒక ఊరి వంశాన్ని వాడి కొత్త రకం చేస్తే ఆ ఊరివాళ్లు వాటా అడగవచ్చు. ఈ హక్కులు కాగితం మీద ఉన్నాయి. వాడేవాళ్లు తక్కువ. కొత్త విత్తన చట్టాల పేరుతో ముసాయిదాలు వచ్చినప్పుడల్లా ఈ హక్కులకు కోత పడుతుందా అని ముందు చూడాల్సింది మన సంఘమే.

ధర లేకపోతే వైవిధ్యం లేదు

పొద్దుతిరుగుడు ఎందుకు పడిపోయింది? తెగుళ్లు ఒక కారణం. పెద్ద కారణం ధర. 1994 నుంచి వంటనూనెల దిగుమతికి తలుపులు తెరిచారు. చవక పామాయిల్ వెల్లువలా వచ్చింది. మన గింజకు గిరాకీ పోయింది. పొద్దుతిరుగుడు నూనె కోసం ఉక్రెయిన్, రష్యాల మీద ఆధారపడ్డాం. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలవగానే మన ఇళ్లలో నూనె ప్యాకెట్ ధర ఎగిరింది. అప్పటికి ఇక్కడ పండించే రైతు పంట మార్చేశాడు.

2025-26కు పొద్దుతిరుగుడు మద్దతు ధర క్వింటాకు 7,721 రూపాయలు. ప్రకటించారు సరే, కొనేవాళ్లు ఎక్కడ? 2024 సెప్టెంబరులో ముడి నూనెల దిగుమతి సుంకం 20 శాతానికి పెంచారు, 2025 మే చివర్లో మళ్లీ 10 శాతానికి తగ్గించారు. నూనెగింజల జాతీయ మిషన్‌కు 10,103 కోట్లు అన్నారు. ఒక చేత్తో మిషన్, ఇంకో చేత్తో సుంకం కోత. పంట చేలో లేకపోతే ఆ పంట విత్తన వైవిధ్యం కూడా చేలో ఉండదు. వైవిధ్యాన్ని కాపాడేది చివరికి గిట్టుబాటు ధరే.

మనం చేయాల్సినవి

ప్రతి గ్రామ శాఖ ఒక విత్తన పుస్తకం పెట్టాలి. ఊళ్లో ఎవరి దగ్గర ఏ పాత విత్తనం ఉందో, ఎన్నేళ్లుగా ఉందో, దాని గుణమేమిటో రాయాలి. మిర్చి, పత్తి, కంది, జొన్న, కూరగాయలు ఏవైనా సరే. ఇళ్లలో విత్తనం సంగతి ఎక్కువగా తెలిసింది ఆడవాళ్లకే కాబట్టి ఈ పనిలో వాళ్లే ముందుండాలి.

విత్తనం తీసే పద్ధతి జాగ్రత్తగా పాటించాలి. హైబ్రిడ్ పంట గింజ దాచొద్దు, మరుసటి ఏడు మొక్కలు రకరకాలుగా వస్తాయి. సూటి రకాల నుంచే తీయాలి. పొద్దుతిరుగుడు, మిర్చి పుప్పొడి పక్క చేలకు వెళుతుంది. కనుక విత్తనం కోసం పెంచే మడి ఇంకో రకానికి దూరంగా, వీలైతే 400 మీటర్ల దూరంలో ఉండాలి. పొద్దుతిరుగుడులో నాలుగు పువ్వుల నుంచే తీస్తే వంశం నీరసిస్తుంది, కనీసం వంద మంచి మొక్కల నుంచి కలిపి తీయాలి. పూత దశలో మందు కొట్టి తేనెటీగల్ని చంపుకుంటే తాలు గింజలే మిగులుతాయి. మిర్చిలో బొబ్బర లేని మొక్కల నుంచి, బాగా పండిన కాయల్నే ఎంచాలి. నీడన ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. పుస్తోవోయిత్ లాగే సగం విత్తండి, సగం దాచండి.

ఇక ప్రభుత్వాన్ని మనం అడగాల్సినవి ఇవి. లాం, నంద్యాల, రాజేంద్రనగర్ కేంద్రాల్లో ఖాళీలు నింపి, మిర్చి, పత్తి, పొద్దుతిరుగుడు వంశాల పరిశోధనకు ఏటా నిలకడగా నిధులివ్వాలి. కొత్త వంశాల పరీక్షలు రైతుల చేలల్లో, రైతుల కళ్ల ముందు, కౌలు రైతుల్ని కూడా కలుపుకుని జరగాలి. హైబ్రిడ్ సంచి మీద దాని తల్లి మూలం ఏమిటో రాయాలి. సూటి రకాల విత్తనం రైతు సేవా కేంద్రాల్లో సకాలంలో దొరకాలి. విత్తనం విఫలమైతే పరిహారం భూమి యజమానికి కాక సాగు చేసినవాడికి అందాలి. మద్దతు ధరకు గింజ కొనే కేంద్రాలు మెట్ట మండలాల్లో పెట్టాలి.

మిత్రులారా, వచ్చే నెల జరిగే గ్రామ శాఖల సమావేశాలకు ప్రతి ఒక్కరూ ఇంట్లో ఉన్న పాత విత్తనం ఒక్క పిడికెడు తీసుకురండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఎవరిచ్చారో చెప్పండి చాలు. ఆ పిడికెళ్లు రాసుకోవడంతోనే మన విత్తన పుస్తకం మొదటి పేజీ మొదలవుతుంది. సంచి మీద రాసినదాన్ని నమ్మడం కాదు, సంచిలో ఏముందో అడిగే హక్కు మనది. ఆ హక్కు కోసం అందరం కలిసి నిలబడదాం.